పెద్దసారు పిలిచిన శాంపిల్

నీటి పరీక్షల ఆఫీసులో ఆవిడను అందరూ సగటమ్మ అనేవారు. పన్నెండు వీధుల కుళాయి నీళ్లలో మురికి ఎంతుందో ల్యాబువాళ్లు తేలిస్తే, ఆ అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించి సగటు తీయడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. కుర్చీ కాలి కింద పెట్టిన అట్టముక్క కూడా అదే.

కొత్తగా వచ్చిన పెద్దసారు మొదటి రోజే షరతు పెట్టాడు. "చూడమ్మా, నాకు మెనూలూ బటన్లూ తలకెక్కవు. ఏం కావాలో దాని పేరు కొడతాను. అది వచ్చి పని చేసిపెట్టాలి. అంతే."

ఆ "అంతే" వెనక ముప్ఫై ఎనిమిది "అయితే"లు ఉన్నాయని ఆయనకేం తెలుసు? కొట్టింది 'మీన్' అయితే సగటు తియ్యి, 'మీడియన్' అయితే నడిమి అంకె చూపించు, 'మ్యాక్స్' అయితే అన్నిటికన్నా పెద్దది చూపించు... ఇలా పేరుకో వాక్యం రాస్తూ పోయింది సగటమ్మ. పదిహేనో వాక్యం దగ్గర మెడ పట్టేసింది. మెడ నొక్కుకుంటూ పాత పుస్తకం తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. ఏ పేరు కొడితే ఆ పేరుగల చిన్న ప్రోగ్రామును, కంప్యూటర్ భాషలో ఫంక్షన్‌ను వెతికి పిలవమని ఒక్క వాక్యం రాస్తే చాలట! రాసిన పదిహేనూ చెరిపేసి ఆ ఒక్కటీ రాసింది.

పది రోజులు నల్లేరు మీద బండి నడక.

పదకొండో రోజు పొద్దున్నే ఇంట్లో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. బయట వీధి మధ్యలో గొయ్యి. గోతిలో ఇద్దరు పైపుల పనివాళ్లు. గట్టు మీద ఖాళీ బకెట్‌తో అత్తగారు.

"ఇదేం పోయేకాలం నాయనా? మావి బంగారంలాంటి నీళ్లు!"

"మాకేం తెలుసు పిన్నిగారూ? ఊరంతట్లో మీ వీధి నీళ్లే మురికని పెద్దసారు సంతకంతో కాగితం వచ్చింది. మీ కోడలుగారి ఆఫీసు నుంచే."

అత్తగారు మెల్లగా కోడలివైపు తిరిగింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. సగటమ్మ జడుసుకుని, తలైనా దువ్వుకోకుండా ఆఫీసుకు పరుగెత్తింది.

"సార్, నిన్న ఏం కొట్టారు?"

"శాంపిల్ అని. నీళ్ల శాంపిళ్లు చూద్దామని. చక్కగా వచ్చాయే!" అంటూ మళ్లీ కొట్టి చూపించాడు. ఈసారి మురికంతా ఆయన కాపురముండే వీధిలో తేలింది. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి కొట్టాడు. మురికి మార్కెట్ వీధికి పోయింది.

"ఇదేంటమ్మా, మురికి ఇలా ఊరేగుతోంది?"

సగటమ్మ తెర మీదికి వంగి చూసింది. "సార్, శాంపిల్ అనే ఫంక్షన్ ఇందులో ముందే ఉంది. దాని పని అంకెలను చీట్లలా కలిపేయడం. మీరు పిలిచారు, అది వచ్చి కలిపేసింది. వీధులు ఉన్నచోటే ఉన్నాయి, అంకెలే చెల్లాచెదురయ్యాయి."

"పిలిస్తే వచ్చేయడమేనా? వచ్చింది ఎవరో ఏమిటో చూసుకోవద్దూ?"

"చూసుకోమని నేను రాయలేదు సార్. తప్పు నాదే."

తప్పు ఒప్పుకునేవాళ్లను ఆయన ఏ ఆఫీసులోనూ చూడలేదేమో, తిట్టడానికి తెరిచిన నోటితోనే "టీ తాగుతావా?" అన్నాడు.

ల్యాబువాళ్ల కాగితం తీసి చూస్తే, అసలు మురికి రైలుగేటు వీధిది. మధ్యాహ్నానికి పనివాళ్లు గొయ్యి పూడ్చి అక్కడికి వెళ్లారు. కుళాయిలో నీళ్లూ, అత్తగారికి మాటలూ ఒక్కసారే తిరిగొచ్చాయి.

సగటమ్మ ముప్ఫై ఎనిమిది పేర్లతో ఒక పట్టీ రాసింది. పట్టీలో ఉన్నవాటినే పిలవాలి. లేని పేరు కొడితే "ఈ పేరుగలవారు ఇక్కడ ఎవరూ లేరు" అని తెర మీద పడుతుంది. శాంపిళ్లు చూడటానికి 'నీళ్లు' అనే సొంత ఫంక్షన్ కూడా తయారుచేసింది.

పరీక్షిద్దామని పెద్దసారు సరదాగా తన పేరే కొట్టాడు. వచ్చిన జవాబును రెండుసార్లు చదువుకున్నాడు.

"రిటైర్ అవడానికి నాకింకా రెండేళ్లుంది కదమ్మా," అన్నాడు నీరసంగా.

సగటమ్మ నొచ్చుకుని, ఆ మాట తీసేసి "ఈ పేరుకు లెక్క లేదు" అని మార్చింది. ఆయన మళ్లీ తన పేరు కొట్టాడు. ఈసారి ముఖం ఇంకా మాడిపోయింది. చివరికి "క్షమించండి, తమరి పేరు పట్టీలో చేర్చే భాగ్యం మాకింకా కలగలేదు" అని రాసింది. అది చూసి ఆయన ఫ్యూను చేత రెండు టీలు తెప్పించాడు.