పెద్దమ్మ కథకి నా ఊ

మా చిన్నప్పుడు... మంచు విడిచి ఎండ కాస్త ముదిరేసరికి ఊళ్లో చింతపండు పని మొదలయ్యేది. పొద్దున్నే కాయలు దులిపి తెచ్చి వాకిట్లో ఆరబోసేవారు. తరవాత ఆడవాళ్ళంతా నీడలో కూర్చుని పెంకులు కొట్టి, ఈనెలు లాగి, పిక్కలు తీసేవారు. పులుపుకి వేళ్ళు పగిలేవి...

మన్యంలో హుకుంపేట నుంచి లోపలికి గంటన్నర నడిస్తే మా ఊరు.

ఆ పని చేస్తూనే మా పెద్దమ్మ కథలు చెప్పేది. అమ్మకి అక్క, పేరు చిలకమ్మ. చదువు లేదు. చేతిలో రాయీ ఆగేది కాదు, నోట్లో కథా ఆగేది కాదు.

ఆమె కథకి ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి మాట చివరా వినేవాళ్ళలో ఒకరు "ఊ" అనాలి. ఆ పని నాది. ఊ ఆగిందంటే వినేవాళ్ళు నిద్రపోయారని లెక్క. కథ అక్కడే వదిలేసి లేచిపోయేది. అలా ఆగిన కథని మళ్ళీ ఆ ఏడాది ఎత్తేది కాదు... ఎంత బతిమాలినా.

నేను ఐదో తరగతిలో ఉండగా అరకులో కథల పండగ పెట్టారు. మైదానం నుంచి జముకుల కథ వాళ్ళు, ఒడిశా వైపు నుంచి కిన్నెర వాయించేవాళ్ళు వస్తున్నారు. అందరూ కథే వృత్తిగా బతికేవాళ్ళు. మా మేష్టారు వెళ్ళి అందులో పెద్దమ్మ పేరు రాయించారు. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆమె ఒక్కతే.

పక్కింటి మావ ఊరుకోలేదు.

"పిక్కలు తీసుకుంటా సెప్పే కబుర్లు కతలెలాగవుతాయే సిలకమ్మా? నిన్ను సూసి నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడానికైనా ఇనాలి గదా" అంది పెద్దమ్మ.

అంది గానీ, జీపులో అరకు దాకా చెప్పబోయే కథనే లోలోపల వల్లె వేసుకుంది. అక్కడ మాట పెగలకపోతే ఇక ఊళ్లో ఆమె కథని ఎవరూ కథ అనరని నాకూ తెలుసు...

పందిరి, మైకు, వరసగా కుర్చీలు. ముందు జముకుల కథ. జముకంటే తీగ బిగించిన డోలు, తీగ లాగితే గుమ్మెటలా మోగేది. కథకుడు సింహాచలం గారు కాలి గజ్జె కదిపి ఒక మాట అంటే, వెనక ఇద్దరు వంత అందుకునేవారు. నేను అలా నోరు తెరుచుకుని చూశాను.

తరవాత పెద్దమ్మను పిలిచారు. మేష్టారు తన వెంట తెచ్చిన మా బడి పిల్లల వైపు తిరిగి, "కథ అయ్యేదాకా ఎవరైనా నోరెత్తారో..." అన్నారు. అందరం నోటిమీద వేలు వేసుకున్నాం. నేను కూడా.

పెద్దమ్మ తనకి బాగా వచ్చిన ఎలుగుబంటి కథ ఎత్తుకుంది.

"ఒక ముసలోడు తేనెకని సెట్టెక్కినాడు..."

ఆగింది. ఎవరూ ఊ అనలేదు.

"కిందకి సూత్తే ఎలుగు కూకుంది..."

మళ్ళీ ఆగింది. అంత జనమూ మర్యాదగా, బొమ్మల్లా కూర్చున్నారు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను మేష్టారి వైపు చూశాను. వేలు తీయలేదు.

"నిదరోయినారు. నేనెల్తాను" అని మైకు వదిలి మెట్లు దిగిపోయింది.

జనం నవ్వారు. భయపడిపోయిందనుకున్నారు. నిర్వాహకుడు తరవాతి పేరు చదివేశాడు. అది మళ్ళీ సింహాచలం గారిదే, రెండో కథ. ఆయన వేదిక ఎక్కకుండా తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వచ్చారు.

"ఏటమ్మా, ఎందుకాపేసినావు?"

"ఊ కొట్టేవోలు లేరు బాబూ."

ఆయన నవ్వలేదు. "నా ఎనకాల వంత లేకపోతే నేనూ మూగోణ్ణే తల్లీ. నీ వంత ఎవరు?"

"అదిగో, ఆ గుంట, మా సెల్లి కూతురు. నోట్లో ఏలెట్టుకు కూకుంది. దానికేటి రోగమొచ్చిందో!"

ఆయన నన్ను చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టారు. "నా రెండో కత ఈయమ్మకి ఇచ్చేసినాను. ఈ గుంటతో పాటు మీరూ ఊ కొట్టండి. ఇది కొండమీద పద్ధతి" అని జనానికి చెప్పి, తాను కింద నేలమీద కూర్చున్నారు.

"ఎలుగు కత పోయింది. ఈ ఏడు దాన్ని ముట్టను. ఇంకోటి సెప్తాను" అంది పెద్దమ్మ.

మొదటి ఊ నాది. రెండోదానికి సింహాచలం గారు కలిశారు. పదోదానికి పందిరంతా కలిసింది. మేష్టారు కూడా. అరగంట కథ. అయ్యాక సింహాచలం గారు తన మెడలోని కండువా తీసి పెద్దమ్మకి కప్పారు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే గుండె నిండుతుంది.

ఊళ్లో పక్కింటి మావ ఆ మర్నాడే చింతకాయల బుట్టతో మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. "ఏదీ, ఆ కత మాకూ సెప్పు" అన్నాడు. పెద్దమ్మ చెప్పింది.

ఎలుగు కథలో ఆ ముసలాయన చెట్టు దిగాడో లేదో మాత్రం మరుసటి ఏడు చింతపండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ తప్పు నాదే.

తరవాత ఆమెని చాలా చోట్లకి పిలిచారు. ఇప్పుడు డెబ్భై దాటింది, ఇంకా పిలుస్తున్నారు. అయితే ఇప్పుడు జనం ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. వీడియోలో తమ గొంతు పడుతుందని ఊ అనరు... మీ ఇళ్ళల్లో కథ ఎవరు చెప్పేవారు, ఊ ఎవరు కొట్టేవారు? రాయండి, చదువుతాను.

ఈసారి పండగ విశాఖలో. నాకు సెలవు దొరకలేదు. నిన్న పొద్దున్న ఆరింటి బస్సుకి పెద్దమ్మ వెళ్ళింది. ఊ కొట్టడానికి మా అమ్మాయి వెళ్ళింది. ఎనిమిదింటికి నేను డ్యూటీకి వెళ్ళాను.