నాయన కట్టిన కుచ్చులు

"నాదని చెప్పుకునేకి ఒక గది లేకపోతే ఇంగ సెలవులకు రాను నాయనా" అని బస్సెక్కేముందు అనేసినా. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అది. నాకు పద్నాలుగేండ్లు. నోరు ముందు, బుద్ధి వెనక నాది.

నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటాంటి. అత్త కూతురిది నా ఈడే. ఆ పిల్లకు ఒక గది, దాంట్లో నిలువుటద్దం, కిటికీకి పూలగుడ్డ. నాకు గది బయట చాప. సందకాడ ఆ పిల్ల లోపల గడియ పెట్టుకుంటే, బయట కూచోని నా పుస్తకం నేను చూసుకుంటాంటి. పిలిస్తే బాగుండు అనిపించేది. ఒక్కనాడూ పిలవలేదు.

ఆళ్లగడ్డలో మా ఇంట్లో మాత్రం ఏముంది? అమ్మ పోయి మూడేండ్లు. నాయన, నేను, రెండెద్దులు. ఎద్దుల్ని కట్టేసేది కూడా ఇంట్లోనే, ఒక పక్క.

ఎండాకాలం సెలవులకు పోతే నాయన మొగమంతా నగువే. "పోయి చూసుకో పాపా" అని విత్తనాలు పోసే కొట్టుగది చూపించి, తాను గడప బయటే నిలబడినాడు. తలుపు తోస్తే గల్లుమనింది. దానికి ఎద్దుల మెడగజ్జెలు కట్టినాడు. దూలానికి వరసగా ఎర్ర ఉన్నికుచ్చులు. అద్దం ఉండాల్సిన చోట ఎద్దుల మెడకు కట్టే గవ్వలపట్టెడ. కిటికీ ఊచలకు కొమ్ములకు పూసే రంగు. మంచం మీద, ఏరువాకనాడు ఎద్దుల వీపున పరిచే అద్దాలగుడ్డ.

నాకు ఒళ్లు మండింది. "ఏంది నాయనా ఇది? నేనేమన్నా ఎద్దునా?"

తమాషాకన్నాననుకోని నగినాడు. నా మొగం చూసి ఆపేసినాడు.

"సింగారమంటే నాకు తెలిసింది ఇంతే పాపా."

నిజమే. మా నాయన జన్మలో ఆ ఎద్దుల్ని తప్ప ఇంకెవరిని సింగారించినాడు? అది నాకప్పుడు తట్టలేదు. మరుసటి దినం ఆయన చేనికి పోయినంక అన్నీ పీకి గోనెసంచిలో కుక్కి, ఎద్దుల పక్కన పారేసినా. ఆయన వచ్చి చూసినాడు. సంచి దులిపి, తెచ్చి నా గది మూలలో పెట్టిపోయినాడు. తిట్టింటే బాగుండు.

ఏరువాక పున్నమి వచ్చింది. వీధిలో ఎద్దులన్నీ రంగుకొమ్ములతో, కుచ్చులతో పోతాండాయి. ఏటా మా జతను చూసేకి ఆడోళ్లు వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆపొద్దు అవి ఉత్త పసుపు కుంకుమతో బోసిగా నిలబడినాయి.

"వాటికెందుకు కట్టలేదు నాయనా?"

"అవి నీకిచ్చినవి గదా. నిన్నడగకుండా యాడ కట్టేది?" అని, పగ్గాలు పట్టుకోని వంచిన తల ఎత్తకుండా పోయినాడు.

నాకు ఏడుపాగలేదు. సంచి విప్పి, మంచమెక్కి, ఏవి యాడుండేవో ఆడ్నే కట్టినా. నాలుగు దినాలకే బడి తెరిచినారు. నేను మళ్లా నంద్యాలకు, నా చాపకాడికి.

దసరా సెలవులకు పోతే పక్కింటవ్వ అడిగింది. "మీ నాయనకేమైందే? దినామూ చేనికి పొయ్యేముందు నీ గది తలుపు తీసి మూస్తాండాడు. లోపలికైతే పోడు."

ఎందుకో నాకు తెలుసు. ఆ తలుపు గజ్జెలు తప్ప ఆయనతో పలికేది ఆ ఇంట్లో ఏముంది? నాకు నంద్యాలలో అదీ లేదు.