బాలశౌరి మాస్టారి ఎర్ర టేపు

భవానీపురం బాలశౌరి మాస్టారు ఒక్క కేక వేస్తే బ్యారేజీ గేట్లన్నీ ఒకేసారి లేచేవి. సరే, గేట్లు కాదు, ఆయన దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు లేచేవారు. వాళ్లలోనూ వెనక బెంచీవాళ్లు లేచేవారు కాదు.

రిటైరయ్యాక మాస్టారు చర్చిలో పాటల చరణాలు చూపించే తెర బాధ్యత నెత్తిన వేసుకున్నారు. దానికి కంప్యూటరు పెట్టిన రోజున ఫాదర్ గారు దాని మీద పవిత్రజలం చల్లి ఆశీర్వదించారు. ఆశీర్వదించిన దాన్ని ఆపడమేమిటని మాస్టారు స్విచ్చి మీద ఎర్ర టేపు అంటించేశారు. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడుస్తూనే ఉంది, ఏడు నెలలుగా.

వచ్చిన చిక్కల్లా, పాట మధ్యలో తెర నల్లబడేది. తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రాంలో లోపమట, కొత్త వెర్షన్‌లో సరిచేశారట. మాస్టారు కొత్తది ఎక్కించారు. మర్నాడు ఆదివారం, రెండో చరణంలో మళ్లీ చీకటి.

"యంత్రం తప్పు కాదు ఫాదర్. కొత్తది వేశాను. నొక్కే చెయ్యి సరిగా లేదు," అన్నారు మాస్టారు, పాటల బృందమంతా వింటుండగా.

తెర మీద చరణాలు మార్చే ఆ చెయ్యి క్రిస్టినాది. కంకిపాడు నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల. ఫాదర్ గారు ఆమె దగ్గరున్న కంప్యూటరు అలమారా తాళంచెవి తీసుకుని మాస్టారికిచ్చారు.

బుధవారం మాస్టారు చర్చిలో ఉండగా క్రిస్టినా వచ్చింది. "మాస్టారూ, ఇప్పుడు ఏ వెర్షన్ నడుస్తోందండీ?"

మాస్టారు టకటకా కొట్టారు. 21.1.7 అని వచ్చింది. "చూశావా? కొత్తదే!"

"అది డిస్కులో ఉన్నదండీ. మీరు ఆ ఫైలుని అడిగారు, తన సంగతి చెప్పింది. తెర గీస్తున్నదాన్ని అడగలేదు."

"రెండూ ఒకటే కదమ్మా!"

"దాన్నే అడుగుదాం ఉండండి." ఆమె ఇంకొకటి కొట్టింది. నడుస్తున్నది జవాబిచ్చింది: 21.1.4.

మాస్టారికి అప్పుడర్థమైంది. కొత్తది డిస్కులో కూర్చుంది గానీ, పాతది ఆగితేగా అది లేచేది! ఆగనివ్వనిది తన టేపే. గోటితో గీకి టేపు పీకి, ఆపి, మళ్లీ వెలిగించారు. ఈసారి నడుస్తున్నదాన్నే అడిగారు. 21.1.7.

"కుదిరిందండీ," అంది క్రిస్టినా. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేది. జవాబు సరిచూసుకోలేదని ముప్పై ఏళ్లు పిల్లల చేతులు వాయగొట్టిన మనిషాయన. ఆ చేతులన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

ఆదివారం పాటల బృందం ముందు నిలబడ్డారు. "ఆ రోజు తప్పు ఈ అమ్మాయిది కాదు. నాది," అని, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, తలెత్తకుండా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. తెర చివరి చరణం దాకా వెలిగింది. మాస్టారు దానివైపు చూడలేదు.

ఇప్పుడు వెళ్లి ఈ కథ నిజమేనా అని మాస్టారిని అడగండి. కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

"శుద్ధ అబద్ధమండీ. నేను టేపూ అంటించలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. అసలు మా చర్చిలో కంప్యూటరే లేదు."