దొడ్డిదారి చెప్పిందెవరు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరేళ్లు కుళాయి తిప్పి నీళ్లు తాగాను. ఎక్కడివని ఒక్కనాడూ అనుకోలేదు. వోగెల్స్‌బెర్గ్ కొండల్లోకి ఇల్లు మారాక మా ఇంటి ఓనరు చెప్పాడు. ఒకప్పుడు అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి ఈ కొండలయ్యాయట. ఆ నల్లరాతి పగుళ్లలో ఇంకిన వాన ఊటలై వస్తే, గొట్టాలేసి నగరానికి పట్టుకుపోతారట. "మా వాగు ఎండినా మీ స్నానాలు ఆగవు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చురుక్కుమంది.

కరోనా పుణ్యమా అని ఆఫీసులు ఇంట్లోకొచ్చాయి. రెండు గదుల్లో మా ఆయనవీ నావీ మీటింగుల అరుపులు పడలేక ఈ ఊరొచ్చి, కర్రా మట్టీ కలిపి కట్టిన పాత ఇంట్లో పై అంతస్తు తీసుకున్నాం. కింద ఓనరు ఒక్కడే. డెబ్బై దాటిన మనిషి, రాతి క్వారీ మూసేదాకా అందులోనే పనిచేశాడు. లాక్‌డౌన్‌లో మా ఆయన కాక నేను ముఖం చూసి మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. పప్పు చేసిస్తే రొట్టె మీద వెన్నలా రాసుకుని తిన్నాడు. చూడలేక తల తిప్పుకున్నాను.

ఆ చలికాలం మంచు బాగా పడింది. నగరం నగరమంతా మంచులో ఆడుకోవడానికి కొండ మీదికి ఎగబడేసరికి పోలీసులు రోడ్డు మూసేశారు. అప్పుడే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. చెల్లెలి కన్నా ఎక్కువ అనుకునేదాన్ని.

"అక్కా, పిల్లల బడి కీటా బంద్, పార్క్ బంద్. పోరగాళ్లు ఇంట్ల ఉండి ఉండి పిచ్చోళ్లయితున్రు."

మనసాగక, వాళ్లు రావడానికి వేరే దారేమైనా ఉందా అని ఓనరుని అడిగాను. పశువుల కొట్టం వెనక నుంచి తన గడ్డిమైదానానికి ఒక బండిదారి ఉందన్నాడు. "ఒక్క కుటుంబం, ఒక్కసారి. ఇంకెవరికీ చెప్పొద్దు. పాల ట్యాంకరు తిరిగేది ఆ దారినే."

స్నేహితురాలు పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. వాళ్లు సాయంత్రం దాకా స్లెడ్జి మీద జారి, ముక్కులు ఎర్రబడి, కేకలు పెట్టారు. వెళ్లేటప్పుడు దారి సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాను. "నీ మీదొట్టు అక్కా," అంది.

పై ఆదివారం పొద్దున్నే కిటికీ కింద కార్ల చప్పుడు. సందు పొడుగునా కార్లే, అన్నీ ఫ్రాంక్‌ఫర్ట్ నంబర్లే. "ఒరేయ్, ఎనక్కి తియ్, ఎనక్కి!" అని తెలుగు వినిపించింది. పాల ట్యాంకరు మధ్యలో ఇరుక్కుంది. వెనక్కి తీసిన కారొకటి మైదానం గోడను గుద్దింది. సున్నం లేదు, సిమెంటు లేదు. పొలంలో ఏరిన నల్లరాళ్లు పేర్చి ఓనరు తాతలు కట్టిన గోడ అది. బారెడు మేర కూలిపోయింది. ఓనరు టోపీ కూడా లేకుండా మంచులో నిలబడి చూస్తున్నాడు.

స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"నేనేం జెయ్యలేదక్కా. మా ఆయన గ్రూపుల లొకేషన్ పెట్టిండు, గంతే. అందరి పిల్లలు ఇంట్లనే మగ్గుతున్రు గదా పాపం. గింత దానికే ఫీలయితవేంది?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ పిల్లల తడి సాక్సులు నా హీటరు మీద ఆరబెట్టి పంపాను నేను. ఫోన్ పెట్టేశాను.

కిందికి దిగేసరికి పక్కింటి పాడి రైతు ఓనరు మీద విరుచుకుపడుతున్నాడు. ఓనరు నా వైపు తిరిగాడు. "వీళ్లకు ఈ దారి ఎవరు చెప్పారో నీకు తెలుసా?"

నిజం చెబితే ఇల్లు పోతుంది, ఆ మనిషీ దూరమవుతాడు అనిపించింది. "తెలియదు," అన్నాను.

ఆయన తలూపాడు. మైదానం గేటు తానే తీసి ఉంచానని, తప్పు తనదేనని రైతుతో అన్నాడు. తర్వాత వచ్చిన పోలీసులతోనూ అదే మాట.

ఆ వారమంతా స్నేహితురాలిని మనసులో తిడుతూనే ఉన్నాను. మెసేజీలు రాయడం, చెరిపేయడం. శనివారం ఓనరు గోడ పేరుస్తుంటే రాళ్లందించడానికి వెళ్లాను. పెద్దవి అడుగున, చదునైన ముఖం బయటికి, సందుల్లో చిన్నవి అని చూపించాడు. చేతులు కొంకర్లు పోయాయి. ఉన్నట్టుండి నోరు తెరిచాను. దారి చెప్పింది నా స్నేహితురాలేనని, ఒట్టేసి మరీ మోసం చేసిందని, ఇక జన్మలో దాని ముఖం చూడనని ఏడుస్తూ చెప్పుకుపోయాను.

ఆయన పని ఆపలేదు. "ఆదివారం పొద్దున్నే తెలుసు నాకు," అన్నాడు. "ఆ దారి నేను చెప్పింది నీ ఒక్కదానికే."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు?"

"నువ్వు చెబుతావనుకున్నాను."