గాజులత్త దుకాణానికి ఎర్ర బిళ్ళ

ఆ రోజుల్లో ప్రతి దుకాణానికీ ఒక చిరునామా ఉండి తీరుతుందని గట్టిగా నమ్మేదాన్ని. పత్రికలో మూడేళ్లు మండల విలేకరిగా తిరిగాక, జిల్లా పేజీలు తగ్గించేసరికి ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. చిన్న వ్యాపారుల కోసం యాప్ తయారు చేస్తున్నారు. తెర మీద ఏది ఎక్కడుండాలో గీయడం నా పని. (గీయడం రాదని ముందే చెప్పాను. "వార్తలు రాసినదానివి, ఫారం రాయలేవా?" అన్నారు.) మా మేనేజరును చాటున పిన్‌కోడ్ సారు అనేవాళ్లం. ఒక దుకాణానికి ఒకే చిరునామా, మ్యాపులో ఒకే గుర్తు అన్నది ఆయన సిద్ధాంతం.

యాప్‌లో నేను మొదట చేర్చింది మా మేనత్తను. భద్రాచలం అడవి వైపు సంతలు తిరిగి గాజులు అమ్మేది కాబట్టి ఊరూరా గాజులత్తే. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో ఊరు, ఆదివారం చర్చి. ఫారంలో చిరునామాకు ఒకటే గడి. అది గీసింది నేనే. ఏ సంత ఏ రోజో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన విలేకరిని, సోమవారం ఊరి పేరు రాసేసి "అయిపోయింది అత్తా, ఇక ఆర్డర్లే ఆర్డర్లు" అన్నాను. పెళ్లిళ్ల కాలం. అత్త నా మాట నమ్మి రెండు పెట్టెల కొత్త గాజులు తెచ్చింది.

తొలి ఆర్డరు బుధవారం వచ్చింది. డెలివరీ అతను సోమవారం ఊరికి పోయాడు. సంత మైదానంలో మేకలు తప్ప ఎవరూ లేరు. ఒక మేకను ఫొటో తీసి, దుకాణం మూసి ఉందని పెట్టాడు. వెంటనే అత్త పేరు మీద 'మూసివేశారు' అని ఎర్ర బిళ్ళ పడింది. (ఆ బిళ్ళ కూడా నేను ముచ్చటపడి గీసిందే.) వారంలోగా అది పోకపోతే దుకాణమే యాప్‌లోంచి పోతుంది. ఆ సమయానికి అత్త బుధవారం సంతలో ఒకామెకు గాజులు తొడుగుతోంది. ఆమె రెండో చేతిలో ఫోను.

"అత్తా, నీ దుకాణం మూసిండ్రట గదా!"

"ఎవడే మూసింది? నీ చెయ్యి నా చేతులనే ఉన్నది గదా!"

పక్కన ఎండుచేపలాయన ఊరుకుంటాడా? "ఫోన్ల వచ్చిందంటే నిజమే అక్కా. జల్దీ సర్దుకో" అన్నాడట. అత్త నాకు ఫోన్ చేసింది. "ఏందే బిడ్డా, నేను కూసున్న కాడ నేను లేనా?"

మర్నాడు ఆ ఒక్క గడి తీసేసి, ఏ రోజు ఏ ఊరో నింపుకునేలా ఏడు గడులు గీశాను. పిన్‌కోడ్ సారు తల అడ్డంగా ఊపాడు. "తిరిగేదాన్ని దుకాణం అనరమ్మా. పెద్ద కంపెనీల యాప్‌లల్ల గిట్ల ఉన్నదా?"

"వాటిల్లో మా అత్త లేదు సార్."

గడులు తీస్తావా, ఉద్యోగం మానేస్తావా అన్నాడు. తీయనన్నాను. సంగతి తెలిసి శుక్రవారం సంత మానుకుని అత్తే పెట్టెతో సహా ఆఫీసుకు వచ్చింది. "సారూ, పొద్దుగాల ఇంట్ల ఉంటిరి, ఇప్పుడు ఈడ ఉన్నరు. మరి ఇంటికాడ మీరు మూతబడ్డట్టేనా?" ఆఫీసంతా నవ్వింది, సారు తప్ప. నేను ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద విసురుగా పెట్టి, అత్త పెట్టె ఒక పక్క పట్టుకుని బస్టాండుకు నడిచాను.

ఎర్ర బిళ్ళ పోలేదు, దుకాణమే యాప్‌లోంచి పోయింది. అత్త మాత్రం "మూసిన దుకాణం గాజులమ్మా, మూసిన దుకాణం గాజులు!" అని సంత సంతలో కేకేసి రెండు పెట్టెలూ ఖాళీ చేసింది. పక్కన నిలబడి నేనూ అరిచాను.

మొన్న ఫోన్లో ఏదో దారి వెతుకుతుంటే ఆ ఆఫీసు పేరు కనబడింది. పక్కనే ఎర్రగా 'శాశ్వతంగా మూసివేశారు'. పరుగున బుధవారం సంతకు పోయి అత్తకు చూపించాను. అత్త నవ్వలేదు. "గట్ల అనకే. సారు ఇయ్యాల ఇంకో ఊర్ల ఉన్నడేమో" అంది. ల్యాప్‌టాప్ అలా విసురుగా పెట్టి వచ్చిన ఆనాటి నేను ఇప్పుడు నాకు ఎదురైతే, కాస్త మెల్లగా పెట్టవే అంటాను. ఆ ఏడు గడులు మాత్రం చెరపమనను.