పేరు రాదన్నారు

ఆ వాద్యబృందంలో పెద్ద డ్రమ్ముల వెనక నిలబడే ఆడమనిషి ఆవిడ ఒక్కతే. అందుకే అందరికీ డ్రమ్ములక్క. "సంగీతంలో అందరికీ చోటు" అంటూ యూనివర్సిటీ వాళ్ళు పోస్టరు వేసిన ప్రతిసారీ ఆవిడ బొమ్మే. అందులో చేతులు గాల్లో ఉంటాయి. కచేరీ అయ్యాక ఆ చేతులతో ఆవిడ జడ కూడా వేసుకోలేకపోతుందని పోస్టరుకేం తెలుసు?

చెల్లెలికి తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నొప్పి అన్నవాళ్ళ చోటు మర్నాటికి ఇంకొకరిదవుతుంది. ట్రంపెట్ బాబాయ్ ఇంటర్వెల్లో నొప్పి మాత్ర మింగి పిప్పరమెంటనేవాడు. వయొలిన్ వాళ్ళు మెడకు కట్టుకున్న పట్టీలను స్కార్ఫుల కింద దాచేవారు.

కళాకారుల ఆరోగ్యం మీద పరిశోధనంటూ యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"మీ పేరు ఎక్కడా రాదక్కా. ధైర్యంగా చెప్పండి."

అక్క నమ్మింది. కుడి మణికట్టు సంగతీ, వాయిస్తుండగా కర్ర జారిపోవడమూ అన్నీ చెప్పి ఏడ్చింది కూడా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. అచ్చయిన పుస్తకంలో పేరు లేదు, నిజమే. "వాద్యబృందంలో డ్రమ్ములు వాయించే మహిళ" అని మాత్రం ఉంది. అలాంటి మహిళ ఇంకొకరెవరున్నారమ్మా అక్కడ? అంత చదువు చదివినవాళ్ళలో ఒక్కరికైనా ఇది తట్టొద్దూ!

బృందం మేనేజరుకు తట్టింది. పొమ్మనలేక పొగబెట్టాడు. "నీ ఆరోగ్యం కోసమేనమ్మా" అంటూ పెద్ద కచేరీలు వేరేవాడికిచ్చాడు. ఆవిడ చేతికి చిన్న గంట ఇచ్చి మూల నిలబెట్టాడు. కొన్నాళ్ళకు అదీ లాగేసుకున్నాడు.

"పోనీలే అక్కా, పిల్లలకు పాఠాలు చెప్పుకుందువు" అంది చెల్లెలు.

"ఏం పోనీ? అది నా చోటు! నేను పుట్టింది పాఠాలు చెప్పడానికా, వాయించడానికా?" అని కసిరింది అక్క.

అంతలో ఆ పరిశోధనమ్మాయే మళ్ళీ వచ్చింది. నొప్పి గురించి నోరు విప్పమని యూనివర్సిటీలో పెద్ద సభ పెడుతున్నారట.

"నిజంగా నాకు తట్టలేదక్కా. తప్పయిపోయింది. మీరొచ్చి మాట్లాడితే మిగతావాళ్ళకు ధైర్యమొస్తుంది."

"నీకు తట్టలేదు, నా నోటి దగ్గర కూడు పోయింది. సరే, వస్తా. మాట్లాడతా."

సభకు వాద్యబృందమంతా వచ్చింది. మేనేజరు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కడిగేద్దామనే అక్క మైకు చేతిలోకి తీసుకుంది. కానీ తోటివాళ్ళ మొహాలు చూశాక అడగాలనుకున్న మాట మారిపోయింది.

"మీలో నొప్పి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్కరూ ఎత్తలేదు. ట్రంపెట్ బాబాయ్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. వయొలిన్ వాళ్ళు నేల చూపులు చూశారు.

"భయపడకండి, ఇక్కడ అంతా మనవాళ్ళే" అన్నాడు ప్రొఫెసరు నవ్వుతూ.

అక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ఎత్తకండి. నేనెత్తాను, చూశారుగా! మీ పేరు కూడా ఎక్కడా రాదనే చెప్తారు."

మైకు స్టాండులో పెట్టేసి మెట్లు దిగింది. చప్పట్లు కొట్టడానికైనా ఒక్క చెయ్యీ పైకి లేవలేదు.