పిల్లబండి దిగిన రోజు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా వాడకట్టు మొత్తానికి పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి ఉన్నది మా ఇంట్లోనే. ఇప్పుడు అందరూ స్ట్రోలర్ అంటున్నారు గానీ, మేం పిల్లబండి అనేవాళ్లం. మా నాన్న ఒక ఆఫీసరు దగ్గర కారు నడిపేవాడు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక మూలన పడి ఉన్న బండిని ఆ ఇంటావిడ నాన్నకిచ్చింది. ఇనుప చట్రం, నీలంరంగు గుడ్డ సీటు, కిర్రుకిర్రుమనే చక్రాలు. అందులో నేను మహారాణిలా తిరిగేదాన్ని.

మూడేళ్లప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నెలల తరబడి మంచం దిగలేదు. లేచేసరికి కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. మొదటిసారి వాకిట్లో నిలబెడితే బోర్లా పడ్డాను. ఎదురింటి పిల్లలు పకపకా నవ్వారు. అప్పటి నుంచి గడప దాటాలంటే నాకు బండి ఉండాల్సిందే.

ఐదేళ్లు వచ్చేసరికి బండిలో పట్టడమే కష్టమైంది. మోకాళ్లు గడ్డానికి తగిలేవి, పాదాలు నేలకు రాసుకునేవి. కాళ్లకు ఏ లోపమూ లేదని, నడిపించమని దవాఖానలో డాక్టరు చెబుతూనే ఉన్నాడు. కానీ నేను ఏడుపు మొదలుపెట్టగానే మా అమ్మ మెత్తబడిపోయేది. చేజారిపోతుందనుకున్న పిల్ల దక్కింది కదా, ఆ పిల్ల కంట నీరు ఆమె చూడలేకపోయేది. అప్పటికి అమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఒకరోజు నన్ను తోసుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర కడుపు పట్టుకుని కూలబడింది. ఇక బరువు తోస్తే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ వారమే నాన్న నల్గొండ పక్క పల్లె నుంచి మా మేనత్తను పిలిపించాడు.

మేనత్త నాన్నకు అక్క. పొడుగ్గా, గట్టిగా ఉండేది. చిన్న వయసులోనే భర్త పోతే బర్రెలను, చెలక సేద్యాన్ని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. వచ్చిన కొత్తలో నన్ను ఒక్క మాట అనలేదు. ఎటు పోవాలన్నా తనే బండిలో తోసుకుంటూ తీసుకుపోయేది. నాకు కొత్త బంటు దొరికిందని సంబరపడ్డాను.

ఒక పొద్దున గిర్నికి పోదామంది. కొత్తపేట దిక్కు పిండి పట్టించే గిర్ని ఉండేది. నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి బండిలో జొన్నల మూట కూర్చుని ఉంది.

"ఇయ్యాల బండి జొన్నలకు బిడ్డా. నీకు జాగ లేదు. ఇంట్ల ఉంటవా, నాతోటి వస్తవా?"

నేను ఏడుపు లంకించుకున్నాను. లోపలి నుంచి అమ్మ కంగారుగా, "వదినా, మూట మల్ల తీస్కపోదువు తియ్యి" అంది. మేనత్త వినిపించుకోలేదు. నా ముందు వంగి, కోపం లేకుండా చెప్పింది.

"ఏడ్వొద్దంటలేను. ఏడువు. ఏడ్సుకుంటనే నడువు."

బండి తోసుకుంటూ కదిలింది. వెనక్కి తిరిగి చూడలేదు గానీ, ఆ నడక మాత్రం మామూలు నడక కాదు, చీమ నడక. నేను గేటు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చాను. బండి ఆగలేదు. ఆమె మూల తిరిగితే ఇక కనబడదనిపించి, గేటు వదిలి ప్రహరీ గోడ పట్టుకున్నాను. గోడ అయిపోయాక పట్టుకోవడానికి ఏమీ లేదు. ఏడుస్తూనే నడిచాను.

పక్కింటి అక్క చూసి పరుగున వచ్చింది. "అయ్యో, గింత ఏడుస్తుంటె ఎత్తుకోవేందమ్మా?"

"ఎత్తకు తల్లీ," అంది మేనత్త. "ఏడ్సేది కండ్లు. కాళ్లు మంచిగనే ఉన్నయి."

దారిలో ఉన్న ద్రాక్షతోట కంచె దగ్గర కాలు మడతపడి పడిపోయాను. అరచేతులు దోక్కుపోయాయి. మేనత్త బండి ఆపి వచ్చి, నన్ను లేపకుండా నా పక్కనే దుమ్ములో చతికిలబడింది. కొంగుతో చేతులు తుడిచింది. "కూసుందాం. నీకు లేవబుద్ధయినప్పుడే లేద్దాం. గిర్ని యాడికీ పోదు" అంది.

అక్కడే, నాతో కాదన్నట్టు మెల్లగా చెప్పింది. "మీ మామ పోయిన తెల్లారి బర్రెలు ఎప్పటి లెక్కనే ఒర్లినయి. పాలు పిండకుంటె వాటికి నొప్పి కదా. ఏడుపు ఆగినంక లేద్దామనుకున్న. అది ఆగలే. గట్లనే పోయి పిండిన."

నాకు అప్పుడు సగమే అర్థమైంది. అయితే ఆమె ముఖం వైపు చూస్తే కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. నన్ను నడిపించడం ఆమెకూ తేలిక కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. నేను చేతులు నేలకు ఆనించి లేచాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా పట్టించుకునే స్థితిలో లేను. గిర్ని చేరాలి, అంతే.

తిరుగు దారిలో ఎండ ముదిరింది. నేను వెనకబడుతున్నాను. మేనత్త ఆగి, "అలిసినవు బిడ్డా. పిండి నేను నెత్తిన పెట్టుకుంట, నువ్వు కూసో" అంది. నీలం సీటు వైపు చూశాను. ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

"కూసోను. నడుస్త," అన్నాను.

ఇంటి ముందు అమ్మ ఎదురుచూస్తోంది. దుమ్ముకొట్టుకుపోయిన గౌను, నెత్తురు మరకల చేతులు చూసి వదిన మీద మండిపడింది. మేనత్త తల వంచుకుని బండిలోంచి పిండి మూట దించింది. నేనే అడ్డుపడి, "అమ్మా, అత్త తీస్కపోలే. నేనే నడిచిన" అన్నాను. అమ్మ నన్ను పొట్టకు అదుముకుంది.

జూన్‌లో బడికి నడిచే వెళ్లాను. అప్పటికి తమ్ముడు పుట్టాడు, మేనత్త ఊరికి వెళ్లిపోయింది. ఆమె కాలం చేసి చాలా ఏళ్లయింది.

పెద్ద అంబర్‌పేట్ బడిలో టీచరుగా మొదటిరోజు, తరగతి నిండా పిల్లలను చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే సుద్దముక్క తీసుకుని పాఠం మొదలుపెట్టాను. మావారి చివరి రోజుల్లోనూ ఆస్పత్రి మెట్లు అలాగే ఎక్కాను. ధైర్యం వచ్చాక బయల్దేరుదామని ఎక్కడా ఆగలేదు. అరవై దాటినా నాకు కన్నీళ్లు ఇట్టే వస్తాయి. వాటిని ఆగమనే మాటగా మాత్రం నేను ఎన్నడూ తీసుకోలేదు.